చిన్నా, ఆ డీజిల్ ఫిల్టర్ జోలికి వెళ్లే ముందు

ఒరేయ్ చిన్నా,

నువ్వు కొన్న పాత బొలేరో పికప్‌కి డీజిల్ ఫిల్టర్ ఊడి రావడం లేదని, ఆదివారం ఎలాగైనా పీకేస్తానంటున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సొంత డబ్బుతో బండి కొని, దాని పని కూడా నువ్వే నేర్చుకుంటున్నావంటే ఎంత సంతోషమేసిందో. కానీ ఆ "ఎలాగైనా" విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఇంజను చల్లారాకే చెయ్యి పెట్టు. బ్యాటరీ మైనస్ వైరు తీసెయ్. కింద వెడల్పాటి బేసిన్ పెట్టుకో. చుట్టుపక్కల ఎవడూ బీడీ వెలిగించకూడదు.

ఫిల్టర్ డబ్బాకి అడ్డంగా స్క్రూడ్రైవర్ దిగ్గొట్టి తిప్పితే వచ్చేస్తుందని ఎవరో ఒకరు నీకు చెప్పే ఉంటారు. ఆ పని మాత్రం చెయ్యకు. నేను చేశాను. మదనపల్లె మార్కెట్లో టమాటా లోడు ఎక్కుతోంది, తెల్లారేసరికి చెన్నైలో ఉండాలి, ఫిల్టర్ ఏమో ఇసుమంత కూడా కదలడం లేదు. సుత్తితో కొట్టి స్క్రూడ్రైవర్ ఈ పక్క నుంచి ఆ పక్కకి దింపి, ఉన్న బలమంతా పెట్టి లాగా. డబ్బా తిరగలేదు, రేకు చిరిగింది. చెయ్యి జారి ఆ చిరుగు మీద పడింది. చిటికెన వేలి మొదట్లో ముందు తెల్లగా కనబడింది, ఆ తర్వాతే రక్తం. పైనుంచి కారుతున్న డీజిల్ అందులో పడి ఒకటే మంట. టవలు చుట్టుకుని, ఇంకొకతని సాయంతో మిగిలిన రేకు ఉలితో కొట్టి తీశాం. ఆ కంగారులో పాత రబ్బరు వాషర్ పైన హెడ్డుకే, అంటే ఫిల్టర్ బిగించే చోటుకే, అతుక్కుని ఉండిపోయిందని చూసుకోలేదు, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించేశా. వాషర్ మీద వాషర్ కూర్చుంటే ఎంతసేపు ఆగుతుంది? భాకరాపేట ఘాట్లో గుప్పుమని డీజిల్ వాసన, దిగి చూస్తే ఇంజను కింద అంతా తడి, మళ్లీ స్టార్ట్ చేస్తే అందుకోలేదు. మలుపులో వెనక నుంచి లారీలు వస్తుంటే కొమ్మలు విరిచి రోడ్డు మీద వేసి తెల్లారేదాకా నిలబడ్డా. వేడి సైలెన్సర్ మీద పడి అంటుకుని ఉంటే ఏమయ్యేదో, ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. నువ్వు నా ఒళ్లో కూర్చుని దాన్ని వంచడానికి తంటాలు పడేవాడివి గుర్తుందా, ఏమైంది మామా అంటే కుక్క కరిచిందని చెప్పేవాణ్ణి. కుక్క కాదురా నాయనా, ఇదీ సంగతి.

అంతకుముందు బిగించినవాడు వాషర్‌కి డీజిల్ రాయకుండా పానాతో బిగించి ఉంటాడు, ఇంజను వేడికి రబ్బరు పట్టేసింది. డబ్బా మీది జిడ్డు శుభ్రంగా తుడువు. గరుకు వైపు లోపలికి ఉండేలా ఇసుక కాగితం చుట్టి, దాని మీద పట్టీ పానా, అంటే డబ్బా చుట్టూ పట్టీ బిగిసే పానా, వెయ్యి. పట్టీ పైన హెడ్డుకి దగ్గరగా పడాలి, అక్కడ రేకు గట్టిగా ఉంటుంది, మధ్యలో పడితే నొక్కుకుపోతుంది. కింద నుంచి చూస్తూ గడియారం ముల్లుకి ఎదురు తిప్పాలి. పడుకుని పనిచేస్తుంటే కుడి ఎడమ తారుమారవుతాయి, ముందు చేత్తో గాల్లో ఓసారి తిప్పి చూసుకో. రాకపోతే ఆపెయ్, టీ తాగి మళ్లీ మొదలుపెట్టు. అప్పటికీ రాకపోతే మెకానిక్‌ని పిలువు, అందులో నామోషీ ఏమీ లేదు.

ఊడాక పాత వాషర్ దాంతోనే వచ్చిందో లేదో చూడు. వేలు పెట్టి హెడ్డు చుట్టూ తడుము. కొత్త వాషర్‌కి డీజిల్ రాసి, అది హెడ్డుకి తగిలాక చేత్తోనే ఇంకో ముప్పావు చుట్టు బిగించు, చాలు. తర్వాత డీజిల్ లైన్లో చేరిన ఎయిర్ తీసి, స్టార్ట్ చేసి, పది నిమిషాలు కింద కారుతుందేమో చూడు.

నా పట్టీ పానా ఆర్టీసీ కార్గోలో వేశాను, శనివారానికి అందుతుంది. అదే సంచిలో తోలు గ్లవ్స్ కూడా పెట్టాను. అవి తొడుక్కున్నాకే మొదలుపెట్టు, తొడుక్కున్నట్టు నాకు ఫొటో పంపు.

మీ మామ