నీళ్లు తేటపడితే చాలా?

ప్రశ్న: 80 లీటర్ల తొట్టిలో ఉప్పునీళ్లు, ఇసుక, రాళ్లు పెట్టి వారమైంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. చేపలు, పగడాలు వదలొచ్చా?

జవాబు: అప్పుడే వద్దు. తేటదనం చూసి మోసపోకండి, చేపలకు విషమైన అమ్మోనియా కంటికి కనబడదు. దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లలో కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ బ్యాక్టీరియాకు ఆహారంగా చిటికెడు చేపల మేత వేస్తూ, టెస్ట్ కిట్‌తో చూస్తుండండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగి అక్కడే నిలిస్తే, కొంత నీరు మార్చి ఒక్క క్లౌన్ చేపతో మొదలుపెట్టండి. పగడాలకు ఇంకొన్నాళ్లు ఓపిక పట్టాలి.

ఈలోగా చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: ఆవిరైన నీటికి బదులు ఉప్పునీళ్లు పోయడం. ఉప్పు ఆవిరవదు కదా! ఆర్వో మంచినీళ్లే పోసి, నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే సాపేక్ష సాంద్రతను 1.025 దగ్గర నిలపండి.