ఎర్ర సిరా గుర్తులు పెరిగితే రాత దిగజారినట్టేనా?

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థినిని. ఈ ఏడాది రాసిన తొలి వ్యాసాన్నీ చివరి వ్యాసాన్నీ జతచేసి, 'రచయితగా నా ఎదుగుదల' అనే అంశంపై రెండు పేజీలు రాసి ఇమ్మని మా అధ్యాపకురాలు చెప్పారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే దిగులే మిగిలింది. గ్రంథాలయాల మీద రాసిన తొలి వ్యాసంలో ఆవిడ పెట్టిన ఎర్ర సిరా గుర్తులు 4 కాగా, పరీక్షా విధానం మీద రాసిన చివరి వ్యాసంలో 11 ఉన్నాయి. ఎదిగానని ఏ ముఖం పెట్టుకుని రాయను? పాత వ్యాసంలోని తప్పులను దిద్ది జతచేయవచ్చా?

జవాబు: గుర్తులు ఎన్నో లెక్కపెట్టారు గానీ, అవి ఎలాంటి వాక్యాల మీద పడ్డాయో మీరు రాయలేదు. నాకు కావలసింది ఆ సంగతే. మీ వ్యాసాలను నేను చూడలేదు కాబట్టి ఊహించి చెబుతున్నాను. 'గ్రంథాలయాలు విజ్ఞాన భాండాగారాలు', 'మానవ జీవితంలో ఇవి ప్రముఖ పాత్ర పోషిస్తున్నాయి' వంటి వాక్యాలలో తప్పు దొర్లడానికి చోటే ఉండదు. అవి మనం కూర్చినవి కావు. ఎవరో ఎప్పుడో కూర్చిపెట్టినవాటిని మనం ఎత్తి రాస్తాము. పరీక్షా విధానం మీద వాదించేటప్పుడు ఆ సౌకర్యం లేదు. 'అయినప్పటికీ', 'ఒకవేళ', 'అందువల్లనే' అంటూ ఒక ఆలోచనను మరొకదానికి ముడివేయాలి. మన భాషలో క్రియ చివరికి గాని రాదు కనుక, ముడులు ఎక్కువైన కొద్దీ మొదట ఉన్న కర్తను చివరిదాకా కాపాడుకోవడం కష్టమవుతుంది. మీ 11 గుర్తులలో ఎక్కువ భాగం అలాంటి చోట్ల ఉంటే, అంతకుముందు మీరు ఎత్తని బరువును ఎత్తబోయి తడబడ్డారని అర్థం. అలా కాక ఒత్తులూ దీర్ఘాలూ తప్పిన చోట్లనే ఉంటే, అది తొందరపాటు తప్ప మరొకటి కాదు. దానికి ఎదుగుదల అని పేరు పెట్టకండి.

ఎదుగుదలను వెతకవలసిన చోటు పూర్తయిన వ్యాసం కన్నా చిత్తుప్రతి. అమెరికాలో నాన్సీ సోమర్స్ అనే పరిశోధకురాలు 20 మంది కళాశాల విద్యార్థులనూ, 20 మంది అనుభవజ్ఞులైన రచయితలనూ తీసుకుని, ఒక్కొక్కరి చేత మూడేసి వ్యాసాలు రాయించి, ఒక్కో వ్యాసాన్ని రెండేసి సార్లు తిరగరాయించి, వారు దిద్దుకునే తీరును పరిశీలించారు. 1980లో ఆమె ప్రచురించిన ఫలితాల ప్రకారం, విద్యార్థుల దృష్టిలో తిరగరాయడమంటే ప్రధానంగా మాటలు మార్చడం, వచ్చిన మాటే మళ్లీ రాకుండా చూసుకోవడం. అనుభవజ్ఞులకు మాత్రం అది తమ వాదానికి సరైన రూపం వెతుక్కోవడం, చదివేవారి కళ్లతో దాన్ని చూడడం. మీ చిత్తుప్రతులు పారేయకుండా ఉంటే ఈ కొలబద్దతోనే చూడండి. తొలి వ్యాసంలో 'ఉపయోగం'ను కొట్టి 'ప్రయోజనం' అని రాసి ఉంటారు. చివరి వ్యాసంలో ఒక పేరా మొత్తం కొట్టేశారా? మూడో పేరాను మొదటికి తెచ్చారా? 'ఈ మాటకు ఎవరైనా అభ్యంతరం చెబితే?' అనుకుని ఒక వాక్యం చేర్చారా? అలాంటి మార్పు ఒక్కటి దొరికినా మీ రెండు పేజీలకు సరిపడా సరుకు ఉంది.

దొరికిన ఆ ఒక్క చోటునే పట్టుకుని రాయండి. పాత వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి చూపించి, అప్పుడు అలా ఎందుకు రాశారో, ఇప్పుడైతే ఎలా రాస్తారో చెప్పండి. ఉదాహరణకు, 'ప్రముఖ పాత్ర పోషిస్తున్నాయి' అన్న చోట ఇప్పుడు మీరు 'పుస్తకం కొనలేని విద్యార్థి పరీక్షకు ముందు రోజు సాయంత్రం దాకా కూర్చుని చదువుకోగల చోటు గ్రంథాలయమే' అని రాయవచ్చు. రెండో వాక్యంలో ఒక మనిషి ఉన్నాడు, ఒక అవసరం ఉంది. కాదనదలచినవారు కాదనడానికీ వీలుంది. ఈ తేడాను మీ మాటల్లో వివరించగలిగితే, 'నా రచనా నైపుణ్యం ఎంతగానో మెరుగుపడింది' అనే వాక్యంతో మీకు పని ఉండదు. ఆ వాక్యం ఎవరి వ్యాసంలోనైనా ఇమిడిపోతుంది. అదే దానిలోని లోపం. 'ఒకప్పుడు నాకేమీ తెలియదు, ఇప్పుడు అన్నీ తెలిశాయి' అనే కథనం జోలికీ వెళ్లకండి. అధ్యాపకులకు అది ప్రతి ఏడాదీ కట్టలు కట్టలుగా అందుతుంది (నేనూ ఒకప్పుడు అలాంటిదే ఒకటి సమర్పించినవాణ్ణే). ఇంకా చేతకానిది ఏమిటో కూడా రాయండి. పొడవైన వాక్యం మధ్యలో కర్త మారిపోతోందని మీరే గుర్తించి, మీ చివరి వ్యాసం నుంచే దానికొక ఉదాహరణ ఇస్తే, ఆ 11 గుర్తులే మీకు సాక్ష్యంగా పనికివస్తాయి.

ఇక పాత తప్పుల సంగతి. దిద్దకండి. దిద్దిన వ్యాసం ఇవాళ్టి వ్యాసమైపోతుంది. అప్పుడు పోల్చడానికి మీ చేతిలో రెండూ ఇవాళ్టివే ఉంటాయి. దిద్దుబాటు చూపించాలనిపిస్తే, ఒక పేరాను వేరే కాగితం మీద తిరగరాసి, తేదీ వేసి, పాతదాని వెనుక జతచేయండి.