సమర్థుడైన నాయకుడు మంచివాడు కూడా కాగలడా?

ప్రశ్న: రాజకీయాల్లో సమర్థుడైన నాయకుడు నైతికంగా కూడా మంచివాడై ఉండగలడా? 1993లో పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయి ఉంటే ఆర్థిక సంస్కరణలు ఆగిపోయేవనీ, దేశం కోసం అప్పుడు ఎంపీల ఓట్లు కొన్నా తప్పు లేదనీ మా స్నేహితులు వాదిస్తున్నారు.
– ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్

జవాబు: కాగలడనే నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే తన వల్ల ఎవరికీ ఏ కష్టమూ కలగనివాడే మంచి నాయకుడని అనుకుంటే అటువంటివారు చరిత్రలో దొరకరు. నాగార్జునసాగర్ లక్షల ఎకరాలకు నీళ్లిచ్చింది, దాని జలాశయంలో ఊళ్లూ మునిగాయి. అందుచేత నేను చూసేది రెండే: జరిగిన నష్టానికి నాయకుడు తానే బాధ్యుడినని ఒప్పుకుంటాడా, చేసిన పని జనం కోసమా లేక తన కుర్చీ కోసమా.

1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి, రైలు పడిపోయి, వందమందికి పైగా చనిపోయినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోతే నెహ్రూ అంగీకరించలేదు. నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర మరో ఘోరం జరిగాక శాస్త్రి గారు పట్టుబట్టి తప్పుకున్నారు. వంతెనల తనిఖీ మంత్రి చేసే పని కాదని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. ఇంత సున్నితమైన మనసు పరిపాలనకు పనికిరాదనేవారు ఆ తర్వాతి చరిత్ర చూడాలి. 1964లో ప్రధాని అయిన ఆయన, పదవిలో ఉన్నది పందొమ్మిది నెలలే అయినా, తిండిగింజల కొరత నడుమ భారత ఆహార సంస్థను నెలకొల్పారు, 1965 యుద్ధకాలంలో దేశాన్ని నిబ్బరంగా నడిపారు. వారానికి ఒక పూట భోజనం మానమని ఆయన అడిగితే జనం మానారంటే, ఆ నమ్మకంలో పాత రాజీనామాకు పెద్ద పాలే ఉందని నా అభిప్రాయం.

ఇక మీ స్నేహితుల వాదన. పి.వి. గారి సామర్థ్యాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకే సరిపోయే దశలో, 1991 జూన్ 21న ప్రమాణస్వీకారం చేసిన ఆయన, మన్మోహన్ సింగ్‌ను ఆర్థికమంత్రిగా తెచ్చుకొని, జూలై 24న కొత్త పారిశ్రామిక విధానాన్నీ బడ్జెట్‌నూ ఒకే రోజున సభ ముందుంచారు. అప్పుడు కూడా ఆయనది మైనారిటీ ప్రభుత్వమే. అంటే అసలు మలుపు 1993 జూలై నాటి ఓటింగుకు రెండేళ్ల ముందే వచ్చింది.

ఆ ఓటింగులో ప్రభుత్వం 14 ఓట్ల తేడాతో గట్టెక్కింది. ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు డబ్బు ముట్టిందన్న కేసులో పి.వి. గారికి 2000లో కింది కోర్టు శిక్ష వేసినా, 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించింది కనుక ఆయనను దోషి అనే హక్కు నాకు లేదు. కానీ మీ స్నేహితులు సమర్థిస్తున్నది ఓట్ల కొనుగోలును. అది ఎంత దూరం పోయిందో వారికి చెప్పండి: లంచం తీసుకొని సభలో ఓటు వేసిన ఎంపీలను ప్రాసిక్యూట్ చేయడం కుదరదని అదే కేసులో 1998లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చిలో గానీ దాన్ని కొట్టివేయలేదు. ఇరవై ఆరేళ్లపాటు ఓటు అమ్ముకునే సభ్యుడికి రక్షణగా నిలిచిన ఆ పరిస్థితిని ఏ సంస్కరణ పేరు చెప్పినా నేను అంగీకరించలేను.