నీళ్లు ఎక్కువగా తాగితే బరువు తగ్గుతామా? ఒక లెక్కల పంతులమ్మ అనుభవం

రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగి, పరగడుపున వేడినీళ్లు కూడా పుచ్చుకుంటే మూడు నెలల్లో పది కిలోలు తగ్గవచ్చని ఎవరో చెప్పారనీ, అందులో నిజమెంత అనీ మీరు అడిగారు. ఆ నాలుగు లీటర్ల ప్రయోగాన్ని నేను స్వయంగా చేసి చూశాను. మాది అనంతపురం. పట్టణానికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఐదడుగుల రెండంగుళాల మనిషిని, నలభై నాలుగేళ్ల వయసులో 78 కిలోలకు చేరాను. ఆ తరువాత పదకొండు నెలల్లో 71 కిలోలకు వచ్చాను. ఆ ఏడు కిలోల్లో నీళ్ల పాత్ర ఉంది, అయితే మీకు చెప్పిన పద్ధతిలో మాత్రం లేదు.

మొదటి ప్రయత్నం వేసవి సెలవుల్లో జరిగింది. లీటరు సీసాలు నాలుగు వరుసగా పెట్టుకుని, రాత్రి పడుకునేలోగా అన్నీ ఖాళీ చేయాలని నియమం పెట్టుకున్నాను. తిండిలో గానీ తక్కిన పానీయాల్లో గానీ ఏ మార్పూ చేయలేదు. నలభై రోజుల తరువాత తూకం చూసుకుంటే 78.4 కిలోలు కాస్తా 78.0 అయింది. ఒక పూట ఆవకాయ ఎక్కువ తిన్నా, తినకపోయినా వచ్చే తేడా అంతే ఉంటుంది. నాకు దక్కిన ఫలితమల్లా రాత్రి మూడుసార్లు నిద్ర లేవడం మాత్రమే. మా అత్తమ్మ అది చూసి, నీళ్లు తాగి బక్కచిక్కితే చెరువులో ఎనుములన్నీ ఎప్పుడో బక్కచిక్కేవని అన్నారు. అప్పుడు కోపం వచ్చింది గానీ, మాటలో తప్పేమీ లేదు.

వేరే పని మీద ఒక వైద్యురాలి దగ్గరకు వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆమె నీళ్ల ఊసెత్తకుండా, పొద్దున లేచినప్పటి నుంచి నోట్లో పోసుకునే ప్రతి ద్రవాన్నీ వారం రోజులపాటు రాసుకురమ్మన్నారు. లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఒక్క గుక్క కూడా వదలకుండా రాశాను. ఇంట్లో రెండు, పాఠశాల విరామంలో ఒకటి, మధ్యాహ్నం భోజనం తరువాత ఒకటి, బస్టాండులో ఒకటి, ఇంటికి చేరాక ఒకటి, మొత్తం ఆరు కప్పుల టీ తాగుతున్నాను. కప్పుకు రెండు చెంచాల చక్కెర చొప్పున పన్నెండు చెంచాలు, చెంచాకు ఐదు గ్రాముల లెక్కన 60 గ్రాములు. ఎండాకాలం గనుక రోజూ సాయంత్రం ఒక గ్లాసు నన్నారి, అంటే సుగంధిపాల వేళ్ల షర్బత్. ఆ పాకం మా ఇంట్లోనే కాస్తాము, అందులో ఎంత చక్కెర పడుతుందో నాకు తెలుసు, ఒక గ్లాసుకు 25 గ్రాములకు తగ్గదు. నన్నారి చలువ చేస్తుందని చిన్నప్పటి నుంచి విని, దాన్ని మందుల కోవలో వేసుకున్నాను గానీ తీపి కోవలో ఎన్నడూ వేయలేదు. ఆదివారం నాటి కూల్‌డ్రింకును విడిచిపెట్టినా రోజుకు 85 గ్రాముల చక్కెర ద్రవరూపంలోనే లోపలికి పోతోంది. గ్రాముకు నాలుగు కేలరీలు కాబట్టి 340 కేలరీలు. పాల సంగతి ఇందులో కలపలేదు. సహజంగా పండ్లలో, పాలలో ఉండేది కాక పైనుంచి చేరే చక్కెర మన మొత్తం ఆహార శక్తిలో పది శాతానికి లోపు ఉండాలని, ఐదు శాతానికి లోపైతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి పది శాతమంటే 50 గ్రాములు. అన్నం ముద్ద నోట్లో పెట్టకముందే నేను ఆ హద్దు దాటుతున్నాను.

ఇంతకీ నాకు అంత టీ మీద మక్కువ లేదు. దాహం తీరక తాగుతున్నాను. దానికి కారణం చెప్పడానికి కొంత సంకోచంగా ఉన్నా, ఈ సమాధానం చదివే ఆడవాళ్లకు వెంటనే అర్థమవుతుంది కనుక చెబుతాను. మా పాఠశాలలో మరుగుదొడ్డి వాడుకునే స్థితిలో ఉండేది కాదు. ఉదయం ఎనిమిదికి బస్సెక్కితే సాయంత్రం ఐదున్నర దాకా ఇల్లు చేరము, కాబట్టి పనిదినాల్లో పగలంతా నీళ్లు తాగకుండా గడపడం నాకే కాదు, నాతో పనిచేసే వారందరికీ అలవాటు. దాహం వేస్తే చిన్న కప్పులో టీతో సరిపెట్టుకునేవాళ్లం. బస్టాండులో దిగేసరికి నోరు పిడచగట్టుకుపోయి, ఆకలో దాహమో తేల్చుకోలేని స్థితిలో ఒక టీ, రెండు మిరపకాయ బజ్జీలు లోపలికి పోయేవి. దాహాన్ని ఆకలిగా పొరపడడం అందరికీ జరుగుతుందని నేను వాదించను. నా విషయంలో మాత్రం బస్టాండుకు చేరకముందే సీసాలోని అర లీటరు తాగేసిన రోజున బజ్జీల బండి వైపు చూపు పోలేదు, తాగని రోజున పోయింది. ఇది నెలల తరబడి గమనించిన సంగతి.

కాబట్టి రెండో విడతలో నీళ్ల పరిమాణం పెంచడం మీద కాక, నీళ్లు దేని స్థానంలోకి రావాలన్న దాని మీద మనసు పెట్టాను. లేవగానే అర లీటరు, ఆరున్నరలోగా మరో గ్లాసు తాగేదాన్ని. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక గ్లాసు. మూడున్నర తరువాత, ఇంటికి చేరే సమయం లెక్కవేసుకుని, ఒక సీసా. ఇంటికి వచ్చాక మిగతాది. టీని రెండు కప్పులకు, కప్పుకు ఒక చెంచా చక్కెరకు తెచ్చాను. నన్నారి బదులు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ. రోజుకు రెండు, రెండుంపావు లీటర్లకు మించి నీళ్లు తాగలేదు, అంటే విఫలమైన మొదటి ప్రయత్నంలో తాగినదానిలో సగం కన్నా కొంచెం ఎక్కువ. మొదటి పది రోజులు తలనొప్పి వేధించింది, అది టీ తగ్గించినందుకని ఊహించి ఓర్చుకున్నాను. ఇక్కడ ఒక అపోహను కూడా పక్కన పెట్టాలి. టీ శరీరంలోని నీటినంతా లాగేస్తుందని అంటారు గానీ, అలవాటైన మోతాదులో తాగే టీలోని నీరు కూడా శరీరానికి నీటిగానే లెక్కకు వస్తుంది. నా విషయంలో దోషం చక్కెరది.

రోజుకు 85 గ్రాముల చక్కెర 10 గ్రాములకు తగ్గింది, అలా ఆదా అయిన 75 గ్రాములు రోజుకు 300 కేలరీలతో సమానం. పదకొండు నెలలకు దాదాపు 99,000 కేలరీలు. ఒక కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలని వాడుకలో ఉన్న లెక్క ప్రకారం నేను పదమూడు కిలోల దాకా తగ్గి ఉండాలి. తగ్గింది ఏడు. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి ఈ సూటి భాగహారం మనుషుల మీద పూర్తిగా పనిచేయదు. దానికి తోడు దసరా సెలవులున్నాయి, ఉగాదికి ఓళిగలున్నాయి, మా పెద్దమ్మ కూతురి పెళ్లి ఉంది. పిల్లలకు ఈ లెక్క ఇచ్చి, జవాబులో ఆరు కిలోల తేడా ఎందుకు వచ్చిందని అడగాలని చాలాసార్లు అనిపించింది.

భోజనానికి ముందు నీళ్లు తాగడం గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే నీళ్లకూ బరువుకూ ఉన్న సంబంధంలో కొంత గట్టి ఆధారం ఉన్నది ఇక్కడే. అమెరికాలోని వర్జీనియాలో 55 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువారిపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అందరికీ తక్కువ కేలరీల ఆహారమే ఇచ్చి, కొందరిని మాత్రం మూడు పూటలా భోజనానికి ముందు అర లీటరు నీళ్లు తాగమన్నారు. పన్నెండు వారాల తరువాత నీళ్లు తాగినవారు రెండో వర్గం కన్నా దాదాపు రెండు కిలోలు ఎక్కువగా తగ్గారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో స్థూలకాయులపై అదే మాదిరిగా జరిపి 2015లో వెల్లడించిన పరిశీలనలో తేడా కిలో పైచిలుకు మాత్రమే వచ్చింది. నీటితో కడుపు కొంత నిండడం వల్ల ముద్దలు తగ్గుతాయి, వయసు మళ్లినవారిలో ఈ ప్రభావం కాస్త ఎక్కువ, యువకుల్లో తక్కువ. నా సొంత అనుభవంలో రాత్రి ఒకటిన్నర ముద్ద రాగి సంగటి ఒక ముద్దకు వచ్చింది. అయితే చెనక్కాయల ఊరుబిండి రుచిగా కుదిరిన రోజున ఎన్ని నీళ్లు తాగినా రెండో ముద్ద ఆగలేదని కూడా ఒప్పుకోవాలి.

ఇక వేడినీళ్లు. నేతి గిన్నెను వేడినీళ్లతో కడిగితే జిడ్డు కరిగిపోతుంది కాబట్టి ఒంట్లోని కొవ్వూ అలాగే కరుగుతుందని మన ఇళ్లలో చాలామంది నమ్ముతారు. తాగిన నీరు కొవ్వు పేరుకున్న చోటికి వేడిగా పోదు. కడుపులోకి చేరిన కొద్దిసేపటికే శరీర ఉష్ణోగ్రతకు, అంటే 37 డిగ్రీలకు వచ్చేస్తుంది. కొవ్వు కణాల్లో ఉన్నది ప్రాణవాయువుతో కలిసి శక్తిగా మారినప్పుడే తరుగుతుంది. పది కిలోల కొవ్వు అలా ఖర్చయితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితిత్తుల నుంచి, 1.6 కిలోలు నీరుగా బయటకు పోతాయని ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2014లో లెక్కగట్టి చూపారు. పరగడుపు వేడినీళ్లలో పెద్ద చెంచాడు తేనె కలిపితే అరవై పైచిలుకు కేలరీలు అదనంగా చేరతాయి. ఆ నీళ్లు తాగితే విరేచనం సాఫీగా అవుతుందని మా అత్తమ్మ అంటారు. ఆ సుఖం కోసం తాగితే అభ్యంతరం లేదు.

చల్లని నీళ్లు కేలరీలను ఖర్చు చేస్తాయన్న ప్రచారంలో ఆవగింజంత నిజముంది. ఫ్రిజ్‌లోని 5 డిగ్రీల లీటరు నీటిని శరీరం 37 డిగ్రీలకు వేడిచేయాలంటే 32 కేలరీలు కావాలి. ఒకటిన్నర చెంచా చక్కెరతో అది చెల్లు. మా వంటింటి కుండలోని 25 డిగ్రీల నీటికైతే పన్నెండు కేలరీలే. అర లీటరు నీళ్లు తాగితే శరీరం శక్తిని ఖర్చు చేసే వేగం 30 శాతం పెరిగిందని 2003లో జర్మనీ పరిశోధకులు ప్రకటించారు. అది పద్నాలుగు మందిపై చేసిన చిన్న ప్రయోగం, ఆ తరువాత ఇతరులు కొలిచినప్పుడు అంతటి పెరుగుదల కనిపించలేదు. ఒకవేళ ఆ మాటే నిజమనుకున్నా, వారి లెక్కలోనే అర లీటరుకు దక్కేది 24 కేలరీలు.

ఎంత తాగాలన్న ప్రశ్నకు వస్తే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులకు రోజుకు ఎనిమిది గ్లాసులు, అంటే రెండు లీటర్లు సూచిస్తోంది. ఎండలు ముదిరినప్పుడు, ఒళ్లు అలిసేలా పనిచేసినప్పుడు అంతకన్నా ఎక్కువ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మా జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు చేనిలో చెమటోడ్చే మనిషికి రెండు లీటర్లు ఏ మూలకూ చాలవు. ఫ్యాను కింద కూర్చునేవారికి అదే ధారాళం. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయినట్టే, ముదురు రంగులోకి మారితే చాలడం లేదన్నమాట. సాధారణంగా మూత్రపిండాలు గంటకు ఇంచుమించు లీటరుకు మించి నీటిని బయటకు పంపలేవు, అందుచేత నాలుగు సీసాలూ వెనువెంటనే పట్టించడం ప్రమాదకరం. రక్తంలో సోడియం పలచబడి వాంతులు, మతిభ్రమ, మూర్ఛ దాకా పోవచ్చు. మూత్రపిండాల జబ్బు, గుండె బలహీనత ఉన్నవారు, మూత్రం జారీ కావడానికి మాత్రలు వేసుకునేవారు వైద్యుల్ని అడగకుండా నీళ్లు పెంచకూడదు.

మీరూ మా వైపువారే అయితే మరొక మాట. మా జిల్లాలో చాలా ఊళ్ల బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వందలాది గ్రామాలకు వచ్చిన నేపథ్యంలో ఈ సమస్య కూడా ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. తాగే నీళ్లను రెట్టింపు చేస్తే లోపలికి పోయే ఫ్లోరైడూ రెట్టింపవుతుంది కాబట్టి, ముందు మీ కుళాయి నీళ్లు ఏవో, బోరువో పథకానివో, తెలుసుకోండి.

మొదటి వారంలో తూకం చూసి పొంగిపోవద్దని కూడా చెప్పాలి. అన్నం తగ్గించగానే కాలేయంలో, కండరాల్లో నిలవ ఉండే పిండిపదార్థం తరుగుతుంది, దాని ప్రతి గ్రామునూ అంటిపెట్టుకుని ఉండే సుమారు మూడు గ్రాముల నీరూ దానితో పోతుంది. నేనూ ఆరు రోజుల్లో కిలోన్నర తగ్గానని అందరికీ చెప్పుకున్నాను, మరుసటి ఆదివారం బొరుగుల ఉగ్గాణి, ఊరగాయ తిన్న తెల్లవారే కిలో వెనక్కి వచ్చింది. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. అప్పటి నుంచి రోజూ తూచుకోవడం మానేసి, వారానికి ఒకసారి, శుక్రవారం ఉదయం టిఫినుకు ముందు మాత్రమే చూసుకుంటున్నాను.

మూడు నెలల్లో పది కిలోలన్న మాటను పక్కన పెట్టి, ముందుగా ఒక వారం మీరు తాగే ప్రతిదాన్నీ చక్కెర చెంచాలతో సహా రాయండి. టీ, కాఫీ, షర్బత్, చెరకు రసం, కూల్‌డ్రింకు ఏవీ పెద్దగా లేవని తేలితే, నాకు నీళ్ల వల్ల జరిగినంత మేలు మీకు జరగదు. అప్పుడు చూడవలసింది అన్నం పళ్లెం, నూనె డబ్బా. పన్నెండు చెంచాల వంటి లెక్క ఏదైనా బయటపడితే ఇక్కడే రాయండి, ఏ కప్పు ముందు మానాలో కలిసి చూద్దాం. నేను మొదట మానింది మధ్యాహ్నం భోజనం తరువాతి టీ, ఎందుకంటే ఆ ఒక్కటీ నాకు అసలు రుచించేది కాదు.