రామప్ప దాకా నడిచే జట్టుకు, ఆఖరి వారం ముచ్చట

బిడ్డా,

తలసేమియా అనే రక్తం జబ్బున్న పిల్లలకు చందా జమ చేసేందుకు వేయిస్తంభాల గుడి కాడి నుంచి రామప్ప దాకా పన్నెండు మంది నడుస్తమని రాసినవు, సంతోషం. దాదాపు 70 కిలోమీటర్లు, రెండు రోజులు. ఇంక వారమే ఉన్నది. ఇప్పుడు చేసే కసరత్తు కాళ్లకు బలమిచ్చేలోపే నడక అయిపోతది, అలసట మాత్రం మిగుల్తది. రోజూ నాలుగైదు కిలోమీటర్లు చాలు, ముందు రోజు పూర్తిగా ఆరాం.

కొత్త బూట్లు ఎవ్వరూ కొనద్దు. ఇప్పటిదాకా తొడిగి నడిచినవే మంచివి. పొద్దంతా నడిస్తే పాదం ఉబ్బుతది, అందుకే బొటనవేలు ముందర వేలెడు జాగా ఉండాలె. గోర్లు నాలుగు రోజుల ముందే, అడ్డంగా తిన్నగా తియ్యుండ్రి. మూలలు లోపలికి తీస్తే గోరు మాంసంలకు దిగుతది. నూలు సాక్సులు చెమట పట్టుకొని తడిగనే ఉంటయి, తడి తోలు తొందరగా లేస్తది. సింథటిక్‌వి మనిషికి నాలుగు జతలు, పొద్దుకు రెండు.

పొక్కు ఒక్కసారే రాదు. ముందు ఒక్కచోట వేడిగ, మంటగ అనిపిస్తది. సిగ్గుపడకుండా అక్కడనే ఆగుమని జట్టుకు గట్టిగ చెప్పు. బూటు విప్పి, పాదం పూర్తిగా ఆరినంక గుడ్డ టేపు వెయ్యాలె. మూలలు గుండ్రంగ కత్తిరించు, లేకుంటే సాక్సుకు పట్టుకొని లేస్తయి. మడత పడితే ఆ మడతనే ఇంకో పొక్కు చేస్తది, తీసి మళ్ల వెయ్యాల్సిందే. పొక్కు వచ్చినా పైతోలు మాత్రం పీకద్దు. తొడల సందులకు, చంకలకు బయల్దేరే ముందే వాజిలిన్ రాసుకోవాలె, ఒరుసుకున్నంక రాస్తే లాభం లేదు.

నీళ్లు గంటకు అర లీటరు, ఎండెక్కితే ముప్పావు. గంటలకొద్దీ ఉత్త నీళ్లే తాగితే రక్తంల ఉప్పు పలుచబడి తలనొప్పి, వాంతులు వస్తయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరుదైతే లీటరుకే కలపాలె, అర లీటరు సీసాల పోస్తే వికారం పుడ్తది. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు దానికి సాటి రావు. తిండికి అటుకులు, అరటిపండ్లు, పల్లీపట్టి, పెరుగన్నం. సర్వపిండి నాకూ ఇష్టమే గని, ఆ కారం, నూనె రాత్రి గమ్యం చేరినంక తినుండ్రి.

నడక వేగం అందరికంటే మెల్లగ నడిచే మనిషిది. ఆ మనిషిని ముందర పెట్టు, గట్టి మనిషిని విజిల్‌తోని చివర పెట్టు. ఆగేది కలుపుకొని గంటకు నాలుగు కిలోమీటర్లు. గంటకోసారి పది నిమిషాలు, అప్పుడు బూట్లు విప్పాల్సిందే. మొదటి రోజు మల్లంపల్లి దాకా పొయ్యి పండుకోవాలె, సగం కంటే ఎక్కువ తెగుతది.

ములుగు రోడ్డు మీద ఇసుక లారీలుంటయి. కుడి పక్కన, ఎదురొచ్చే బండి కనపడేటట్టు, ఒకరి వెనుక ఒకరు నడువుండ్రి. పొద్దుగాల ఐదింటికి మంచుల బయల్దేరేటప్పుడు మెరిసే జాకెట్లు తప్పనిసరి. ఫోన్ల పాటలు వద్దు. మీ సామాను మోసే ఆటో ఐదు కిలోమీటర్లకోసారి ముందర పొయ్యి ఆగాలె. తూలుతూ, పొంతన లేని మాటలు మాట్లాడితే ఎండదెబ్బే, వెంటనే నీడకు తెచ్చి ఒళ్లంతా తడుపుకుంటనే 108కు ఫోన్ చెయ్యి.

పైసల సంగతి. చందా ఆ పిల్లల కోసం పనిచేసే సంస్థ ఖాతాకే నేరుగ పొయ్యేటట్టు చెయ్యి, నీ ఫోన్‌పేకు వద్దు. నగదు రూ.2,000 దాటితే దాతకు ఆదాయపు పన్నుల మినహాయింపు రాదు, ముందే చెప్పు.

ఇంకొకటి. రామప్పల బూట్లు విప్పాలె. మధ్యాహ్నం ఆ రాళ్లు కాలుతయి, ఉబ్బిన పాదాలకు, పొక్కులకు ఓర్చుకునే వీలుండదు. అందరికీ పొడి సాక్సుల జత, చెప్పులు ఆటోల సామాను పైననే పెట్టు, అడుగున వద్దు.

మీ పెదనాయిన