ఒకే రీలుతో మిషన్ కుట్టు, చేతికుట్టు: దారం ఎందుకు తెగుతోంది?

ఒకే రీలు దారం మిషన్ మీద తెగుతోంది, చేత్తో కుడితే ముడులు పడుతోంది, కాటన్ కొనాలా పాలిస్టర్ కొనాలా అని ఒకరు అడిగారు. దానికంటే ముందు రీలు మీది నంబరు చూడండి. 40 కంటే 50 సన్నం, 60 ఇంకా సన్నం. టెక్స్ (దారం మందాన్ని చెప్పే ఇంకో కొలత) అని రాసి ఉంటే లెక్క తిరగబడుతుంది: అంకె పెరిగేకొద్దీ దారం లావు.

మామూలు చొక్కా గుడ్డకు 50 నంబరు దారం, 80/12 సూది (ఒకే సైజును రెండు పద్ధతుల్లో రాసిన అంకెలివి) సరిపోతాయి. పలచటి గుడ్డకు 60 నంబరు దారం, 70/10 సూది. జీన్స్‌కు 100/16 సూది పెట్టి, పైన లావు దారం వేసినా బాబిన్‌లో మామూలు దారమే ఉంచండి.

సూదికీ దారానికీ జత కుదిరిందో లేదో ఇలా తెలుస్తుంది. సూదిని మిషన్ నుంచి తీసి అడుగు పొడవు దారం ఎక్కించండి. రెండు కొసలూ బిగించి ఏటవాలుగా పట్టుకుంటే సూది దానంతటదే కిందికి జారాలి. మధ్యలో ఆగిందంటే దారానికి బెజ్జం చాలట్లేదు. కుట్టేటప్పుడు అక్కడే ఒరుసుకుని పీచులేచి తెగుతుంది.

దారాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి కూడా చూడండి. నూగు ఎక్కువగా ఉన్నా, అక్కడక్కడా ఉండలు కనిపించినా మిషన్‌కు వద్దు. పాత నూలు దారాన్ని మెల్లగా లాగితేనే పుటుక్కుమంటే అది పాడైపోయినట్టే, గుండీకి కూడా పనికిరాదు.

ఇక కాటనా, పాలిస్టరా అంటే, రోజూ ఉతికే బట్టలకు పాలిస్టర్ మేలు, సాగే గుడ్డకైతే మరీను. కాటన్ గుడ్డకు కాటన్ దారం చక్కగా ఒదుగుతుంది, బాగా వేడి ఇస్త్రీకీ తట్టుకుంటుంది. మెరిసే రేయాన్ ఎంబ్రాయిడరీ దారంతో మాత్రం జాయింట్లు కుట్టకండి, తడిస్తే దాని బలం తగ్గిపోతుంది.

చేతికుట్టుకు మూరెడు దారం చాలు. పొడవైతే గుడ్డలోంచి పదేపదే దూరి అరుగుతుంది, మెలిపడుతుంది. రీలు నుంచి ముందు వచ్చిన కొసను సూదిలోకి ఎక్కించి, కత్తిరించిన కొసకు ముడి వేయండి. తేనెమైనం మీద ఒకసారి లాగి, రెండు కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే మైనం లోపలికి ఇంకుతుంది, ముడులు బాగా తగ్గుతాయి. మైనం పట్టించిన దారాన్ని, చేతి క్విల్టింగ్ (పొరలు కలిపి బొంతలా కుట్టడం) కోసం అమ్మే పూత దారాన్ని మిషన్‌లో వేయొద్దు. ఆ పూత, దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్య పేరుకుని కుట్టు వదులవుతుంది.

దారం రంగును రీలు చూసి ఎంచకండి. రీలు నుంచి ఒక్క వరస దారం విప్పి గుడ్డ మీద పరిచి చూడండి. రెండు ఛాయల మధ్య సందేహం వస్తే కాస్త ముదురుదే తీసుకోండి, కుట్టాక అది లేతగా కనిపిస్తుంది.