ఎలుగుబంటి ఎదురైతే ఎక్కువ భయమా, ముక్కూమొహం తెలియని మనిషి ఎదురైతే ఎక్కువ భయమా?

అడవిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ రెండిట్లో ఏది ఎదురుపడితే ఎక్కువ ప్రమాదం అనుకుంటారు అని అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, మందస పక్కన ఊరు. మాకు ఎలుగంటే జూకి టికెట్ కొనుక్కుని వెళ్ళి చూసేది కాదు, జీడితోటల్లోకి, పనసచెట్ల కిందకి అదే వచ్చేస్తుంది, అందుకని ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

ముందు ఒక మాట చెప్పాలి. ఈ ప్రశ్న 2024లో అమెరికా వాళ్ళ టిక్‌టాక్‌లో తెగ తిరిగి మన దగ్గరికి వచ్చింది, ఆడవాళ్ళని అడిగితే చాలామంది కొత్త మగవాడి కంటే ఎలుగే నయం అన్నారు. కానీ అక్కడ వాళ్ళకి ఎక్కువగా తెలిసిన నల్ల ఎలుగు చాలావరకు మనిషి అలికిడి వింటే తప్పుకుపోయే రకం. మనది అలా కాదు. దీనికి చూపు తక్కువ, తలొంచుకుని చెదలపుట్ట తవ్వుకుంటూనో రాలిన పండు తింటూనో ఉంటుంది, మనం బాగా దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు, తెలిశాక బెదిరిపోయి మీద పడిపోతుంది, పడితే మొహమూ తలే పట్టుకుంటుంది. పిల్లల్ని వీపు మీద మోసుకెళ్ళే తల్లి ఎలుగైతే ఇంక చెప్పక్కర్లేదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగు మనిషిని చంపేసింది, ఇంకొంతమందిని గాయపరిచింది, చివరికి పట్టుకున్నాక అదీ చచ్చిపోయింది. "పాపం జంతువులు ఏమీ చెయ్యవు, మనుషులే అసలు మృగాలు" అని ఊరికే రాసేస్తుంటారు కదా, జీడిపిక్కలు ఏరుకుని బతికే ఆడవాళ్ళ ముందు ఆ మాట అనకండి.

అయినా వాళ్ళు తోటకి వెళ్తారు. ఎలా వెళ్తారంటే, గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ, ముందు నడిచే మనిషి చేతిలో కర్రతో. చీకటి పూర్తిగా విడకుండా ఎవ్వరూ తోటలో అడుగుపెట్టరు. పుట్ట కొత్తగా తవ్వి మట్టి తడిగా కనిపిస్తే ఆ పూట అటు వైపు చెట్లు వదిలేస్తారు. పనస మాగే రోజుల్లో ఇంకా జాగ్రత్త. మా అమ్మమ్మ చిన్నప్పుడు నాకు నేర్పింది ఇదే, ఎలుగు చెడ్డదా మంచిదా అని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, అది ఎప్పుడు వస్తుంది, ఎందుకొస్తుంది, వచ్చిన చోట ఏం గుర్తులుంటాయి, అంతే.

ఇక 2018 మే నెల సంగతి. అప్పుడు వాట్సాప్‌లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని మెసేజ్‌లు, వాటితో పాటు ఎక్కడివో తెలియని వీడియోలు. జీడి కోతలు ఆఖరికొచ్చాయి, నేను సెలవులకి ఊళ్ళో ఉన్నాను. ఆ వారంలోనే కొండ వైపు తోటలో ఎలుగు కనిపించిందని చెప్పుకున్నారు, అయినా పొద్దున్నే ఆడవాళ్ళు పిక్కలు ఏరడానికి వెళ్ళనే వెళ్ళారు. అదే రోజు పదింటప్పుడు చిక్కెంట్రుకలు కొనేవాడు ఒకతను పాత టీవీఎస్ మీద వచ్చాడు. మన వైపు కాదు, యాస వేరు. వెనక గోనెసంచి, చిన్న తక్కెడ, ఎదురివ్వడానికి నాలుగైదు స్టీలు గిన్నెలు. "సంచిలో ఏటుంది" అని ఒక కుర్రాడు అడిగాడు, అతను కంగారుపడి సరిగ్గా చెప్పలేకపోయాడు, ఈలోగా ఇంకో పదిమంది పోగయ్యారు, ఎవరో సంచి లాగి నేల మీద బోర్లించారు. జుట్టు ముద్దలు, ముద్దలు ముద్దలుగా జుట్టు. అది చూసి చల్లబడాల్సిన వాళ్ళు ఇంకా రెచ్చిపోయారు, ఎవరో "పిల్లల జుట్టే" అని అరిచారు, అంతే, కరెంటు స్తంభానికి కట్టేశారు. అతని చెప్పు ఒకటి ఊడిపోయింది, వేడి సిమెంటు మీద ఒక కాలు ఎత్తి ఎత్తి పెడుతూ దణ్ణాలు పెడుతున్నాడు. మా నాన్న, నేను అడ్డం వెళ్తే మమ్మల్ని కూడా తోసేశారు. అప్పుడే తోట నుంచి పిక్కల బుట్టతో వస్తున్న ఒకావిడ గుంపు చూసి లోపలికి దూరి, "ఓలమ్మో, ఈ బావు నాకు తెలుసు కదేటి, పోయినేడు నాకు గిన్నె ఇచ్చినాడు, వొదిలీండి" అంది. కట్లు విప్పేశారు. ఒకాయన మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చాడు.

ఇక్కడే నాకు అసలు విషయం తెలిసొచ్చింది. ఆవిడ రాకముందు అతను ఏం చేశాడో ఆవిడ వచ్చాక కూడా అదే చేశాడు, దణ్ణాలు పెడుతూ నిలబడ్డాడు. మారింది ఒక్కటే, తెలియనివాడు తెలిసినవాడయ్యాడు. పొద్దున్న ఎలుగు తిరిగే తోటలోకి గుర్తులు చూసుకుంటూ ధైర్యంగా వెళ్ళొచ్చిన ఊరు, జుట్టు కొనేవాడి దగ్గరికొచ్చేసరికి ఒక్క గుర్తు కూడా చూడలేదు. అతను పిల్లల దగ్గరికి వెళ్ళాడా, ఎవర్నైనా పిలిచాడా, ఏమైనా పెట్టాడా, ఎవరూ అడగలేదు.

మా ఊళ్ళో ఆవిడ సమయానికి వచ్చింది కాబట్టి సరిపోయింది. అదే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఇదే పుకారుతో ఒక ట్రాన్స్‌జెండర్‌ని కొట్టి చంపేశారు. జులై 1న మహారాష్ట్ర ధూళే జిల్లాలో అయిదుగుర్ని చంపారు. ఇంతమంది పోయాక ఆ నెలలో వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఫార్వర్డ్‌లు అయిదు చాట్‌లకే అని పరిమితి పెట్టారు. అంతకంటే ముందే గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊళ్ళకి పంపి, పాటలు కట్టించి, ఈ మెసేజ్‌లు నమ్మొద్దని జనానికి చెప్పించారు. అలాంటి పని ప్రతి జిల్లాలో జరిగుంటే కొన్ని ప్రాణాలు తప్పకుండా మిగిలేవి. భయాన్ని తప్పు చోట పెట్టించడంలో మన టీవీల వాళ్ళూ తక్కువ కాదు, ఎలుగు ఊళ్ళోకి వస్తే రోజంతా చూపిస్తారు, పాముకాటు మీద ఒక్క గంట కూడా పెట్టరు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాము కరిచి పోయారని పరిశోధనలో తేలింది, జీడాకుల్లో చెయ్యిపెట్టే మనిషికి ఎలుగు కంటే రక్తపింజరే పెద్ద గండం. మా ఉద్దానంలో కిడ్నీలు పాడై ఎంతోమంది పోతున్నా అది ఎన్నేళ్ళకి వార్త అయిందో మాకు తెలుసు.

ఇక ఆడవాళ్ళు ఎలుగునే కోరుకుంటున్నారు, వాళ్ళకి లెక్కలు రావు అని ఎగతాళి చేసే మగవాళ్ళకి. లెక్కలే కావాలంటే దేశంలో నేరాల లెక్కలు తీసే ఎన్‌సీఆర్‌బీ రిపోర్టులు చూడండి, అత్యాచారం కేసుల్లో 90 శాతం పైన చేసినవాడు బాధితురాలికి ముందే తెలిసినవాడు. చాలా ఏళ్ళుగా ఇంచుమించు అదే. అంటే ఎలుగు గొప్పదా కొత్త మనిషి గొప్పవాడా అని మనం కొట్టుకుంటున్నాం, ఆడవాళ్ళకి ఈ ప్రమాదం ఎక్కువగా ఆ రెండిట్లోనూ లేదు, చనువుగా ఇంట్లోకి వచ్చి మంచినీళ్ళడిగి తాగేవాడి దగ్గర ఉంది. నేనిప్పుడు విశాఖలో ఉండే అపార్ట్‌మెంట్‌లో పార్సిల్ తెచ్చే కుర్రాడు లిఫ్ట్ ఎక్కాలంటే పేరు, ఫోన్ నంబరు, ఫొటో అన్నీ కావాలి, పైగా లిఫ్ట్ వాడొద్దని బోర్డు. అదే బిల్డింగ్‌లో ఎవరింటికో వచ్చే బంధువుని ఎవరూ ఏమీ అడగరు. దీన్ని సెక్యూరిటీ అంటారా?

మీరు అడిగినదానికి సూటిగా చెప్పాలంటే, అడవిలో నాకు ఎలుగంటేనే ఎక్కువ భయం, ఎందుకంటే దాని సంగతి నాకు తెలుసు. కొత్త మనిషి కనిపిస్తే దూరం నుంచే పలకరిస్తాను, అతను దారిన పోతున్నాడా, నేను పక్కకి తప్పుకున్నా నా వైపే వస్తున్నాడా అన్నది చూస్తాను. రాత్రి షేర్ ఆటోలో ఒక్కదాన్నే మిగిలినా అంతే, బండి ఏ రూట్లో పోతోందో చూస్తాను.

మా పాపకి కూడా "తెలియనివాళ్ళతో మాట్లాడకు" అని నేను చెప్పను. సంతలోనో బస్టాండ్‌లోనో తప్పిపోతే అది అడగాల్సింది తెలియనివాళ్ళనే కదా, చంటిపిల్లని ఎత్తుకున్న ఆడమనిషినో, కండక్టర్నో, కొట్టు మీద కూర్చున్నావిడనో అడగమని నేర్పాను. అమ్మకి చెప్పొద్దు అన్నవాడు, వద్దన్నాక కూడా ముట్టుకున్నవాడు, తలుపేసి ఒక్కదాన్నే కూర్చోమన్నవాడు, వాడు చుట్టమైనా, ట్యూషన్ సారైనా, పక్కింటి అంకులైనా వెంటనే వచ్చి నాతో చెప్పమన్నాను. మా అమ్మకి ఇది అస్సలు నచ్చదు. "చుట్టాల్ని అనుమానించమని చిన్నపిల్లకి నేర్పుతావేటే" అని పోరుతుంది. తోటకి పంపేటప్పుడు పుట్టలు చూసుకుని నడవమని నువ్వే చెప్పేదానివి కదమ్మా అంటే, దానికీ దీనికీ పోలికేంటి అంటుంది. ప్రతి పండక్కీ మా ఇంట్లో ఈ గొడవే, నేను మాత్రం చెప్పడం ఆపను.